హైవే పక్కన పూతకు డబ్బివ్వండి: రెండు జిల్లాల అధికారులకు ఒక పుచ్చ రైతు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లకు, జాతీయ రహదారుల అధికారులకు, ఉద్యాన శాఖ, అటవీ శాఖ అధికారులకు నమస్కారం.

మాది ఉలవపాడుకీ సింగరాయకొండకీ మధ్య, హైవేకి ఆనుకుని ఉన్న ఒక పల్లె. రెండున్నర ఎకరాల ఇసుక నేల మాది. చలికాలంలో పుచ్చ పెడతాం, తర్వాత బీర, కాకర. గట్టు మీద ఆరు మామిడి చెట్లున్నాయి. నేను మా ఊరి పొదుపు సంఘంలో పదహారేళ్లుగా సభ్యురాలిని. హైవే పక్కనున్న ఖాళీ జాగాలో తేనెటీగలకు పనికొచ్చే పూల మొక్కలు పెంచడానికి మా సంఘాలకు డబ్బివ్వమని అడగడానికే ఈ లేఖ. రాసేది నేనే అయినా, మా సంఘం ఆడవాళ్లంతా కూర్చుని మాట్లాడుకున్నాకే రాస్తున్నాను.

ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే మా చేలోకి రండి. నలుగురు ఆడవాళ్లం నడుం వంచి పుచ్చ సాళ్ల మధ్య నడుస్తూ కనిపిస్తాం. మగపువ్వు తెంపి, రేకులు వెనక్కి విరిచి, దాని పుప్పొడిని ఆడపువ్వు మీద మెల్లగా అద్దుతాం. ఆడపువ్వును గుర్తుపట్టడం తేలికే, పువ్వు కిందనే గోళీ అంత పిందె ఉంటుంది. పుచ్చ పువ్వు ఒక్క పూటే బతుకుతుంది. పొద్దెక్కుతుంటే విచ్చుకుంటుంది, ఎండ ముదిరాక ముడుచుకుంటుంది. ఆ పూట పుప్పొడి అందకపోతే పిందె పసుపు రంగుకి తిరిగి రాలిపోతుంది. అరకొరగా అందితే కాయ కడుతుంది గానీ, ఒక పక్క ఊరి ఇంకో పక్క సొట్ట పోతుంది. సొట్ట కాయను వ్యాపారి లారీ ఎక్కించడు. ఏరి పక్కన పడేస్తాడు, మేం గొడ్లకు వేస్తాం.

మూడేళ్ల కిందటి దాకా ఈ పని మేం చేసేవాళ్లం కాదు, తేనెటీగలు చేసేవి. ఒక్కో పువ్వు మీద పొద్దున ఎన్నోసార్లు వాలి వెళ్లేవి. ఇప్పుడు ముగ్గురు కూలీలకు డబ్బిచ్చి, నేనూ దిగి, పూత ఉన్నన్నాళ్లూ చేతులతో చేస్తున్నాం. ఎంత జాగ్రత్తగా అద్దినా తేనెటీగ చేసినంత బాగా రాదు. అది పువ్వు చుట్టూ తిరుగుతుంది, అన్ని వైపులా పొడి అంటిస్తుంది. మన వేళ్లకు ఆ ఓపిక లేదు.

మా చేనుకీ హైవే సర్వీసు రోడ్డుకీ మధ్య ఒక ఖాళీ పట్టె ఉంది. రోడ్డు కోసం తీసుకున్న భూమిలో మిగిలిన పట్టె అది. కొన్ని చోట్ల నాలుగు మీటర్లు, కొన్ని చోట్ల పన్నెండు. వానలు పడ్డాక అందులో తుమ్మి, వెంపలి, గడ్డి చామంతి, పల్లేరు, ఉత్తరేణి వాటంతట అవే మొలిచేవి. కంచె మీద రేగు ఉండేది. సంక్రాంతి దాకా ఏదో ఒకటి పూస్తూనే ఉండేది. తెల్లటి తుమ్మి పూల మీద పొద్దున పూట ఈగల మోత వినబడేది. చలికాలం అంతా వాటికి ఆ పట్టే తిండి. మా పుచ్చ పూతకొచ్చేసరికి అవి పక్కనే ఉండేవి, ఇటు దాటి వచ్చేవి.

ఒక ఏడాది నవంబరు చివర్లో నలుగురు మనుషులు వీపుకి స్ప్రేయర్లు తగిలించుకుని వచ్చారు. ఆ పట్టె పొడుగునా గడ్డిమందు కొట్టారు. వారంలో అంతా గోధుమ రంగుకి మారింది. ఎండాకాలం వచ్చాక ఎవరో నిప్పు పెట్టారు, కంచె మీద రేగు కూడా పోయింది. ఎవరు పంపారో అడిగితే ఒకరు ఒకటి చెప్పారు, ఇంకొకరు ఇంకొకటి చెప్పారు. నేను ఎవరి పేరూ పెట్టి ఫిర్యాదు చేయడం లేదు. ఆ మందు కొట్టినవాళ్లు రోజు కూలికి వచ్చినవాళ్లే, మాలాంటివాళ్లే. వాళ్లకు ఎవరూ "ఇది కలుపు కాదు" అని చెప్పలేదు. రోడ్డు పక్కన పచ్చగా ఏది కనబడినా కొట్టేయడమే పని అని చెప్పి పంపారు.

మా ఈగలు తగ్గడానికి అదొక్కటే కారణం అని నేను అనను. పొలాల్లో మేమే మందులు ఎక్కువ కొడుతున్నాం. మామిడి పూత మీద పగటి పూట కొట్టే రైతులు మా ఊళ్లోనూ ఉన్నారు. బంజర్లు పోయాయి, సర్వి (సరుగుడు) తోటలు, జామాయిల్ తోటలు, సుబాబుల్ పెరిగాయి. సర్వికి తేనెటీగతో పనే లేదు, గాలికే దాని పుప్పొడి ఎగిరిపోతుంది, పూలలో తేనె ఉండదు. ఇన్ని పోయాక పూలు పూసే జాగా ఇంకా ఎక్కడ మిగిలింది అని చూస్తే, మా వైపు ఎడతెగకుండా ఉన్నది ఒక్క రోడ్డు మార్జినే. నెల్లూరు దాటి కోవూరు, కావలి, ఉలవపాడు, సింగరాయకొండ, టంగుటూరు, ఒంగోలు, మద్దిపాడు మీదుగా పోయే 16వ నంబరు హైవే పక్కన రెండు వైపులా ఉన్న పట్టె అది. అది ప్రభుత్వ భూమి. ఎవరి దగ్గరా కొనక్కర్లేదు, ఎవరినీ ఖాళీ చేయించక్కర్లేదు. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

మొక్కల కోసం డబ్బు లేదని మీరు చెప్పరని నాకు తెలుసు. 2015లో కేంద్రం తెచ్చిన గ్రీన్ హైవేస్ పాలసీలో రోడ్డు పని మొత్తం ఖర్చులో ఒక శాతం మొక్కలు నాటడానికీ పెంచడానికీ పక్కన పెట్టాలని ఉంది. వంద కోట్ల పనికి కోటి రూపాయలు. 2020లో హరిత్ పథ్ అని ఒక యాప్ పెట్టి, నాటిన ప్రతి మొక్కనూ ఫొటోతో, జాగాతో లెక్కలోకి తెస్తున్నారు. మంచిదే. అయితే ఆ లెక్కలో మొక్క ఉందా లేదా అన్నదే ఉంటుంది. అది పూసిందా, ఆ పువ్వులో ఈగకు పనికొచ్చేది ఏమైనా ఉందా అన్న ప్రశ్న ఎక్కడా రాదు.

డివైడర్ మీద గన్నేరు చూడండి. ఏడాది పొడుగునా గులాబీ రంగులో, తెలుపులో విరగబూస్తుంది. చూసినవాళ్లకు ఇంత పూత ఉంటే ఈగలకు పండగే అనిపిస్తుంది. కానీ గన్నేరు పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి కూడా గొంతులో లోపలెక్కడో దాగి ఉంటుంది. ఈగ వస్తుంది, వెతుక్కుంటుంది, ఉత్త చేతులతో పోతుంది. కాగితం పూల చెట్టు కూడా దాదాపు అంతే. మనకు రంగుగా కనబడేవి రేకులు కావు, రంగు మారిన ఆకులు. అసలు పువ్వు మధ్యలో సన్నటి తెల్లటి గొట్టం, మన తేనెటీగ నాలుకకు అందులో దక్కేది తక్కువ. డివైడర్ మీద గన్నేరు తీసేయమని నేను అడగను. రాత్రి పూట ఎదురు లైట్లు కళ్లలో పడకుండా అది కాపాడుతుంది, దుమ్ముకీ ఎండకీ తట్టుకుంటుంది, పశువులు ముట్టవు. పైగా వేగంగా బండ్లు పోయే చోట నడిమధ్య తేనెటీగలను పిలవడం తప్పు. నేను అడిగేది రోడ్డుకి దూరంగా, కంచె వైపున్న బయటి పట్టె గురించి.

మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ఈ విషయం మీద ఇంట్లో మాటలు నడుస్తుంటే, వేరే దేశాల్లో ఏం చేస్తున్నారో వెతికి నాకు చదివి వినిపించింది. అమెరికాలో అయోవా అనే రాష్ట్రం ఉందట, మొక్కజొన్న, సోయా పండే చోటు. అక్కడ పొలాలు తప్ప ఇంకేమీ మిగలని పరిస్థితి వస్తే, రోడ్డు పక్క జాగాల్లోనే పాత గడ్డినీ పూలనూ మళ్లీ మొలిపించాలని 1988లో ఒక నిధి పెట్టారు. దాన్నుంచి కౌంటీలకు, అంటే మన జిల్లాల్లాంటి వాటికి, గ్రాంట్లు ఇస్తారు. 2021లో ఆ దేశం అంతటికీ రోడ్లు, వంతెనల కోసం పెద్ద చట్టం చేసినప్పుడు, అందులో ఒక చిన్న సెక్షను రోడ్ల పక్కన తేనెటీగలు, సీతాకోకచిలుకల కోసం పెట్టారు. 2022 నుంచి 2026 దాకా ఏడాదికి 20 లక్షల డాలర్ల వరకు ఖర్చు పెట్టడానికి ఆ చట్టం అనుమతించింది. అడిగిన ఒక్కో సంస్థకు లక్షా 50 వేల డాలర్లు దాటకూడదు. స్థానికంగా పుట్టిన మొక్కలు నాటడానికి, పూత అయ్యాకే గడ్డి కోసేలా పద్ధతి మార్చడానికి, పనికిరాని కలుపును తీయడానికి ఆ డబ్బు. అంత పెద్ద దేశానికి ఇది చాలా చిన్న మొత్తం. ఆ చిన్న మొత్తం కూడా దేని కోసమో స్పష్టంగా రాసి పెట్టారన్నది నాకు నచ్చింది.

ఇంకో మాట దగ్గర మా అమ్మాయిని ఆపి మళ్లీ చదవమన్నాను. ఆ గ్రాంటు అడిగే హక్కు రాష్ట్రాల రోడ్ల శాఖలకే కాదు, అక్కడి ఆదివాసీ తెగలకు కూడా నేరుగా ఉందట. వెంటనే నాకు మా ఊరి చివర యానాదుల కాలనీ గుర్తొచ్చింది. ఏ పుట్టలో ఏ తేనె ఉందో, ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, పట్టును ఎంత కోసి ఎంత వదలాలో వాళ్లకు తెలిసినంత మాకెవరికీ తెలియదు. పెద్ద చెట్ల కొమ్మలకు, నీళ్ల ట్యాంకు కింద వేలాడే పెర తేనె వేరు, చెట్టు తొర్రలో, పుట్టలో ఉండే పుట్ట తేనె వేరు, కంపల్లో చిన్న కొమ్మకు కట్టుకునే జుంటి తేనె వేరు అని నాకు చిన్నప్పుడు చెప్పింది ఆ కాలనీ పెద్దాయనే. ఇప్పుడు వాళ్ల పిల్లలు రొయ్యల చెరువుల దగ్గర కాపలా పనికి పోతున్నారు. ఈ పని మీరు మొదలుపెడితే మొదట పిలవాల్సింది వాళ్లని. పని తెలిసినవాళ్లుగా పిలవాలి, కూలీకి మాత్రమే అనుకుని కాదు.

అమెరికా పద్ధతి మనకు అచ్చు దిగదని నాకూ తెలుసు. అక్కడ వాళ్ల బాధ ముఖ్యంగా మోనార్క్ అనే సీతాకోకచిలుక గురించి. దాని గొంగళి పురుగు పాలు కారే ఒక జాతి మొక్కల ఆకులే తింటుంది. ఆ మొక్కలు పోతే అదీ పోతుంది. టెక్సాస్ నుంచి మిన్నెసోటా దాకా ఆరు రాష్ట్రాలు 2016లో ఒప్పందం చేసుకుని 35వ నంబరు హైవే పొడుగునా వాటి కోసం జాగా చూస్తున్నాయి. వింటుంటే నాకు మన జిల్లేడు గుర్తొచ్చింది. నిజంగానే అవి ఒకే కుటుంబం మొక్కలట. మన జిల్లేడు ఆకు తిని పెరిగే నారింజ రంగు సీతాకోకచిలుక కూడా ఉంది, మోనార్క్‌కి దగ్గరి చుట్టం. జిల్లేడు పువ్వు మీద నల్ల తుమ్మెదలు వాలడం మీరూ చూసే ఉంటారు. మనం జిల్లేడును కలుపు లెక్కలో రాసి జేసీబీతో తీసేస్తున్నాం.

వినాయక చవితి పత్రి గుర్తు చేసుకోండి. జిల్లేడు, ఉత్తరేణి, రేగు, వావిలి, జమ్మి, వాకుడు, ఉమ్మెత్త, విష్ణుక్రాంత, గరిక. మా చిన్నప్పుడు ముందురోజు సాయంత్రం పిల్లలమంతా సంచీ పట్టుకుని రోడ్డు పక్కకే పోయేవాళ్లం. గంటలో సంచీ నిండేది. ఇప్పుడు మా పిల్లలకు ఒంగోలు బజారులో కట్ట కొనిస్తున్నాం, అందులో సగం ఏ ఆకో తెలియని ఆకులు. రోడ్డు పక్కన ఏం నాటాలని మీరు ఎవరినైనా నిపుణుల్ని అడగబోతే, ముందు ఆ పత్రి జాబితా తీసి చూడండి. మన నేలకి, మన ఎండకి తట్టుకునేవి చాలావరకు అందులో ఉన్నాయి.

మేం సంఘంలో కూర్చుని ఏ నెలలో ఏది పూస్తుందో రాసుకున్నాం. అది మీకు కూడా పనికొస్తుందని చెబుతున్నాను. నవంబరు నుంచి జనవరి దాకా కుంకుడు పూస్తుంది. చిన్న పువ్వు, చూడ్డానికి ఏమీ ఉండదు గానీ చెట్టంతా ఈగల మోతే. కింద తుమ్మి, గడ్డి చామంతి. తర్వాత సీమచింత, మోదుగ. ఉగాదికి వేప, దాంతో పాటే కానుగ. ఎండలు ముదిరాక రేల, తర్వాత చింత. నిజంగా ఇబ్బంది జూన్ నుంచి ఆగస్టు దాకా. వేడి గాలులు, నేల మీద ఏమీ ఉండదు, పొలాల్లో కూడా ఏమీ ఉండదు. అప్పుడు ఈగలను నిలబెట్టేవి తంగేడు, వావిలి లాంటి పొదలు. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి మాత్రం దండిగా ఉంటుంది. తుమ్మెద దాన్ని గట్టిగా పట్టుకుని జుయ్యిమని అదిరిస్తే పొడి రాలుతుంది. సెప్టెంబరు, అక్టోబరులో రేగు, మళ్లీ వెంపలి. ఈ చక్రంలో ఒక్క నెల తెగినా ఈగ ఆ నెలలో బతకాలి కదా. ఒకే జాతి మొక్క కిలోమీటర్ల కొద్దీ వరసగా పెడితే మూడు వారాలు పండగ, మిగతా ఏడాదంతా పస్తు.

సర్కారు తుమ్మ గురించి కూడా చెప్పాలి. చిల్లచెట్లంటారు కొన్ని ఊళ్లలో. మా వైపు రోడ్డు పట్టెల్ని చాలా చోట్ల అదే ఆక్రమించింది. దాని పూల మీద తేనెటీగలు బాగానే వాలతాయి, తేనె కూడా వస్తుంది. కానీ అది ఉన్న చోట కింద తుమ్మి మొలవదు, తంగేడు లేవదు, రేగు నిలవదు. దాన్ని ఒక్కసారిగా మొత్తం కొట్టేయవద్దు. కొంత కొంత తీస్తూ, ఆ జాగాలో మన మొక్కలు నిలదొక్కుకున్నాక ఇంకొంత తీయాలి. ఈ మాట మా సంఘంలో మేకలు మేపే ఒక అక్క చెప్పింది. కాయలకీ కట్టెలకీ ఆ చెట్టు మీదే ఆధారపడ్డ ఇళ్లు ఉన్నాయి, వాళ్ల గురించి కూడా ఆలోచించమని.

మీరు ఒక్కటి మార్చినా సగం పని అయినట్టే అనిపించే విషయం ఒకటుంది. నాటే నెల. వనమహోత్సవం అని జూలైలో మొక్కలు నాటుతారు. రాష్ట్రమంతా ఒకేసారి. కానీ మాకు జూలైలో వానలు ఎక్కడివి? నెల్లూరులో ఏడాది మొత్తం పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే, ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. ప్రకాశం తీరం వైపు కూడా మాకు అసలు వాన అప్పుడే. జూలైలో పెట్టిన మొక్కకి ఆగస్టు ఎండ తగులుతుంది, ట్యాంకర్ ఒక వారం వస్తుంది, ఇంకో వారం రాదు. అక్టోబరు వచ్చేసరికి కర్ర మిగులుతుంది. మళ్లీ జూలైలో అదే గుంటలో కొత్త మొక్క. సెప్టెంబరు చివర గుంటలు తీసి, మొదటి మంచి వాన పడగానే అక్టోబరులో నాటితే ఆ మొక్కకి మూడు నెలల తేమ దొరుకుతుంది. కానుగ, తంగేడు, వెంపలి లాంటివాటికి నర్సరీ సంచీ కూడా అక్కర్లేదు, నేరుగా గింజ వేసినా వస్తాయి.

డబ్బు ఎలా ఇవ్వాలన్నది మా అసలు విన్నపం. ఇప్పుడు మొక్క నాటగానే బిల్లు అవుతుంది. అలా కాకుండా, రోడ్డు పక్క ఊళ్లలోని పొదుపు సంఘాలకీ యానాది కాలనీల సంఘాలకీ ఊరి హద్దు మేరకు ఆ బయటి పట్టెను మూడేళ్ల ఒప్పందం మీద అప్పగించండి. గ్రాంటును మూడు భాగాలు చేయండి. మొదటిది గింజలకీ గుంటలకీ నాటడానికీ. రెండోది మొదటి ఎండాకాలం దాటి మొక్కలు బతికున్నాయని చూశాక. మూడోది, అన్నిటికన్నా పెద్దది, మూడో ఏడు అవి పూశాక. మీ యాప్‌లో మొక్క ఫొటో తీస్తున్నారు కదా, పూత ఫొటో కూడా పెట్టించండి. ఏ నెలలో ఏది పూసిందో మేమే తీసి పంపుతాం. కిలోమీటరుకు ఎంత అన్నది మీ ఇంజినీర్లు, ఉద్యాన శాఖవాళ్లు కట్టండి. ఒక శాతం నిధిలోంచి తీయండి, ఉపాధి పనిదినాలు కలపండి. 2020లో మొదలైన జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌కు కేంద్రం 500 కోట్లు పెట్టింది. పెట్టెలకీ పరికరాలకీ అందులోంచి సాయం ఇస్తూ వచ్చారు. పెట్టె తెచ్చుకున్నవాడు దాన్ని ఎక్కడ పెడతాడు? చుట్టూ పూత లేకపోతే చక్కెర నీళ్లు పోసి ఎన్నాళ్లు కాపాడతాడు? ఆ మిషనూ ఈ పట్టే ఒకే టేబుల్ మీదకి రావాలి.

పొదుపు సంఘాలకు ఇంత పని చేతనవుతుందా అని ఎవరైనా అనుమానపడితే, ఇది నెల్లూరు నేల అని గుర్తు చేస్తాను. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించి రాష్ట్రమంతా కదిలించింది ఇక్కడినుంచే. రూపాయి రూపాయి కూడబెట్టే సంఘాలు ఊరూరా పుట్టిందీ ఆ ఉద్యమం వెనకే. మూడేళ్లు మొక్కలు చూసుకోవడం మాకు కష్టం కాదు. చేసిన పనికి బిల్లు ఏడాది తర్వాత రావడం కష్టం. దాని గురించే టెన్షన్. అందుకే డబ్బు సంఘం ఖాతాలో నేరుగా పడాలని అడుగుతున్నాం, మధ్యలో టెండర్ వద్దు.

మీ వైపు నుంచి రాగల అభ్యంతరాలు కూడా మేం మాట్లాడుకున్నాం. రోడ్డు అంచున పొదలు పెరిగితే మలుపుల్లో చూపు ఆనదు. నిజమే. అందుకే తారు అంచు నుంచి మీరు చెప్పినంత దూరం గడ్డి కోస్తూనే ఉంటాం, పూల పట్టె కంచె వైపే ఉంటుంది. అలా ఉంటే బండ్లకు తగిలి చచ్చే ఈగలు, సీతాకోకచిలుకలు కూడా తగ్గుతాయి. కరెంటు తీగల కింద చెట్లు వద్దు, తంగేడు, వావిలి చాలు. మేకలు తినేస్తాయంటారా? తంగేడు, వావిలి, జిల్లేడు మేకలు సాధారణంగా ముట్టవు, కానుగ కూడా పెద్దగా తినవు. తుపాను గాలుల మాట కూడా ఉంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు మా వైపు తురాయి కొమ్మలు విరిగి సర్వీసు రోడ్డుకి అడ్డం పడ్డాయి, పాత కానుగలు అలాగే నిలబడ్డాయి. పెర తేనె పట్టు పెద్దది కడితే ప్రయాణికులకు ప్రమాదం కదా అంటే, అవును, బస్టాపులకీ టోల్ గేట్లకీ హోటళ్లకీ దగ్గర్లో పెద్ద చెట్లు వద్దు. పట్టు కనబడితే ఎవరిని పిలవాలో యానాది కాలనీ నుంచి ఇద్దరికి ఆ బాధ్యత, జీతం ఇవ్వండి.

ఖర్చు లేనివి రెండు ఉన్నాయి. బయటి పట్టెలో గడ్డిమందు కొట్టడం మానిపించండి. కోత తప్పదనుకుంటే జనవరి చివర, తుమ్మి గింజ రాలాక కోయించండి. ఎండాకాలం నిప్పు పెట్టడం ఆపించండి. రెండోది, ఆ పట్టెలో అక్కడక్కడా కొంత నేలను చదును చేయకుండా, తారు డబ్బాలూ కంకరా పోయకుండా వదిలేయండి. ఈగలంటే తుట్టె కట్టేవే కాదు. ఎక్కువ జాతులు ఒంటరిగా, మట్టిలో చిన్న బొరియ తవ్వుకుని గుడ్లు పెట్టుకునేవే. కందికీ కాకరకీ మాకు పనిచేసేవి వాటిలోనూ ఉన్నాయి. జేసీబీ ఒకసారి చదును చేస్తే ఆ ఏటి పిల్లలన్నీ పోతాయి.

ఒంగోలుకి పడమటి మండలాల మీదుగా బెంగళూరు నుంచి విజయవాడ వైపు కొత్త రోడ్డు వేస్తున్నారు. ఆ వైపు కంది రైతులున్నారు, పొద్దుతిరుగుడు వేసేవాళ్లున్నారు. పొద్దుతిరుగుడు పువ్వులో ఈగ వాలకపోతే గింజ తాలు పోతుందని వాళ్లకు బాగా తెలుసు. అక్కడ మొక్కల పని టెండర్లకు పోకముందే ఈ మాట రాయించండి. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మతోటల రైతులను కూడా అడగండి, కృష్ణపట్నం నుంచి ఆత్మకూరు మీదుగా పోయే 67వ నంబరు రోడ్డు పక్క ఏం పెడితే తమ తోటలకు పనికొస్తుందో వాళ్లే చెబుతారు.

మేం అన్ని కిలోమీటర్లూ ఒకేసారి అడగడం లేదు. మా ఊరి హద్దులో ఉన్న పట్టెను ఈ ఏడాదే ఇవ్వండి. సంఘం ఆడవాళ్లు కానుగ కాయలు ఏరి పెట్టారు, తంగేడు గింజలు డబ్బాల్లో పోసి బూడిద కలిపి ఉంచాం, కుంకుడు కాయలు యానాది కాలనీవాళ్లు తెస్తామన్నారు. సెప్టెంబరులోగా కాగితం వస్తే అక్టోబరు మొదటి వానకి వేస్తాం. మీలో ఎవరైనా వచ్చి చూడాలనుకుంటే ఫిబ్రవరిలో పొద్దున ఆరున్నరకి రండి, చేలోనే ఉంటాం.

ఇట్లు,
హైవే పక్క పల్లె నుంచి ఒక పుచ్చ రైతు, మా పొదుపు సంఘం తరఫున